మొండికేసిన లారీ

సిమెంటు బట్టీకి చెత్త మోసుకెళ్లే మొదటి లారీ ఆ రోజు కూడా చెత్తగుట్ట గేటులోనే ఆగిపోయింది.

“ఇంజను మొండికేసింది తల్లీ,” అన్నాడు ఎవారిస్తో అనే ముసలి డ్రైవరు, నింపాదిగా కిందికి దిగుతూ.

గేటు ముందు బైఠాయించిన ఆడవాళ్లంతా ఆ గుట్ట మీద చెత్త ఏరుకుని బతికేవాళ్లే. వాళ్లకు ముందు నిలిచిన హసింతకు ఒళ్లు మండింది.

“మేం ఆపితే ఆగింది గానీ, మొండికేసిందట! బొగ్గుకు బదులు చెత్త కాల్చుకుంటారా? కాల్చుకోండి. అట్టలూ సీసాలూ మేం ఏరుకున్నాక మిగిలిందే! ముందు మా చేతులు, తర్వాతే మీ మంట!”

“నీ గొడవ నీది, నా బండి గొడవ నాది,” అంటూ ముసలాయన బానెట్ ఎత్తాడు.

వెనక లారీలు బారులు తీరాయి. వచ్చిన పోలీసులు, బండే కదలనప్పుడు ఆడవాళ్లను లాగి ఏం లాభమని నీడన కూర్చున్నారు.

మధ్యాహ్నం హసింత మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన వేడి వేడి తమాలేలు అందరికీ పంచింది, ఆయనకు తప్ప.

“కంపెనీ కుక్కకు కంపెనీయే పెడుతుంది.”

ఆయన నవ్వి బానెట్ కింద తల దూర్చాడు.

వారమంతా అదే లారీ, అదే మాట.

“చూశారా, మనల్ని చూస్తే ఇంజన్లకే వణుకు!” అని హసింత లేని మీసం మెలేసింది.

సోమవారం అదే లారీని కొత్త డ్రైవరు తోలుకొచ్చాడు. పోలీసులు ఈసారి నీడకు పోలేదు. చిటికెలో ఆడవాళ్లను రెక్కలు పట్టి పక్కకు ఈడ్చేశారు.

“ముసలాయన ఏడీ?” అరిచింది హసింత.

“పనిలోంచి తీసేశారు,” అన్నాడు కొత్త డ్రైవరు.

“ఇంజను బాగైందా?”

“దీనికేం రోగం? నెల కిందట కొన్న బండి! గేటు దాకా రాగానే ఆయనే ఏదో తీగ పీకేవాడు.”

“ఎందుకు?”

“వాళ్లమ్మ ఈ గుట్ట మీదే చెత్త ఏరి ఆయన్ని పెంచిందట. ‘ఆమె కూర్చున్న చోటు మీదుగా బండి తోలను’ అన్నాడట.”

వారం రోజుల్లో ఒక్క తమాలే కూడా ఆయన చేతిలో పెట్టలేదు హసింత.

పోలీసు చెయ్యి విదిలించుకుని పరుగెత్తి, చక్రం ముందు చతికిలబడింది. ఆమె వెనకే మిగతావాళ్లూ.

“లేవమ్మా, లారీ బాగానే ఉందిగా!” అని అరిచాడు డ్రైవరు.

“ఎక్కడ బాగుంది నాయనా?” అంది హసింత, కళ్లు తుడుచుకుంటూ. “ఇంజను మొండికేసింది.”