చెయ్యి బరువు

“చెయ్యి వదులుగా పెట్టండి సార్,” అంది పియానో టీచరమ్మ, హెడ్ క్లర్కు మణికట్టును కింద నుంచి పట్టుకుని.

“పెట్టానమ్మా.”

“పెట్టలేదు. కర్రలా ఉంది. వేలితో పొడిస్తే చప్పుడే వస్తుంది. చెయ్యి బరువంతా మీట మీద వాలితేనే తియ్యగా పలుకుతుంది.”

ఆయన మళ్లీ నొక్కాడు. ఎవరో రేకు డబ్బా తన్నినట్టు మోగింది.

ఆఫీసులో ఆయన దగ్గితే గుమాస్తాలు లేచి నిలబడతారు. ఇక్కడ మాత్రం కూతురి వయసు పిల్ల ముందు చొక్కా తడిసిపోతోంది. నెల రోజులైనా ఒక్క స్వరం పలకలేదు. ఇక రావద్దంటుందేమో! తన పియానో కచేరీకి రమ్మని బంధువులందరికీ అప్పుడే చెప్పేశాడు కూడా.

“నన్ను పంపించెయ్యకమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి.

“మిమ్మల్నా?” ఆమె ఇంకా తగ్గించింది. “తలుపవతల మన మ్యూజిక్ స్కూల్ ప్రిన్సిపాల్ గారు వింటున్నారు సార్. ఇవాళ మీ చేత ఒక్క మంచి స్వరం పలికించకపోతే, పంపించేసేది నన్ను.”

ఇంతసేపూ తనదే అనుకున్న వణుకు, తన మణికట్టు కింద ఉన్న ఆమె చేతిదని ఆయనకు అప్పుడు తెలిసింది.

“అయ్యో, ముందే చెప్పొద్దూ!”

ఆ కంగారులో తన భయం సంగతే మరిచిపోయాడు. చెయ్యి దానంతటదే బరువుగా వాలింది. స్వరం గదంతా నిండింది.

తలుపవతల అడుగులు కదిలాయి.

“ఇంకోటి సార్,” అంది ఆమె గుసగుసగా. “ఇంకా మెట్ల మీదే ఉన్నారు.”