తిరిగి రానక్కర్లేని పడవ

“పోటీకైతేనే చేస్త. పిల్లలు ఆడుకోనీకి, షోకేసుల పెట్టుకోనీకి నేను చెయ్య,” అన్నాడు మార్కు, చేతిలోని పానా మీంచి తలెత్తకుండానే.

“పోటీకే సారూ,” అన్నాడు జంపయ్య వెంటనే.

దుమ్ముగూడెంలో మార్కుకు బువ్వ పెట్టేది మోటారు సైకిళ్ల రిపేరు. పిచ్చి మాత్రం మూరెడు పొడవుండే పందెం పడవల మీద. భద్రాచలంలో ఏటా జరిగే పోటీలో మూడేళ్లుగా అతని పడవ నడిమధ్యలో ఇంజను వేడెక్కి ఆగిపోతోంది. ఇంకొక్క పోటీలో ఓడినా పడవల సామానంతా గోదాట్లో పారేస్తానని బైబిలు మీద చెయ్యేసి భార్యకు మాటిచ్చాడు. ఆ శుభదినం కోసం రిబ్కా ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

“ఎంత దూరం పోవాలె?”

“నూటేబై గజాలు.”

“మలుపులెన్ని?”

“మలుపుల్లేవు. సీదా పోవాలె.”

“వాపస్?”

“వాపస్ రానక్కర్లే.”

మార్కు అప్పుడు తలెత్తాడు. “గిదేం పోటీ?”

“మా దిక్కు గిట్లనే ఉంటది సారూ. వెనక సన్న నైలాన్ దారం కట్టాలె. బురద నీళ్లల్ల ఆగొద్దు. గంతే.”

దూరం కొలవడానికే దారం కాబోలు అనుకున్నాడు మార్కు. ఎవరి ఆట వాళ్లది.

“పోయినేడు ఏమైంది?”

“ఓడిపోయినం. తాడు తెగింది.”

“స్టార్టు చేసే తాడే గదా! అందరికీ గదే తెగుతది. నేను చక్రానికి గాడి కొడత. ఏ తాడు దొరికినా చుట్టి గుంజొచ్చు,” అని మార్కు నవ్వాడు. జంపయ్య నవ్వలేదు.

జంపయ్య కూతురు యశోద పాత టైరు మీద కూర్చుని చెంగుతో చెమట తుడుచుకుంటోంది. మే నెల ఎండ. రిబ్కా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

“ఎన్నో నెల బిడ్డా?”

“ఆరు.”

“ఇసొంటి ఎండల అడివిల నుంచి నడిపిచ్చుకొచ్చినవా జంపయ్యా? ఈ మొగోళ్ల ఆటలు తగలెయ్య!” అని రిబ్కా ఇద్దరినీ కలిపి తిట్టింది.

పట్నం ఆఫీసరు కొడుకెవరో పాడుచేసి పడేసిన రిమోట్ కారు ఇంజను ఒకటి మార్కు దగ్గర ఉంది. గుప్పెడంత ఉంటుంది. స్పిరిట్టు, ఆముదం కలిపి పోస్తే కందిరీగలా రొద పెడుతుంది. కారులో ఎదురుగాలికి చల్లబడే ఇంజనది, పడవకెక్కిస్తే గాలి చాలదు. మార్కు దానికి గాలి తగిలే రెక్కలన్నీ కోసేసి చుట్టూ ఇత్తడి తొడుగు వేశాడు. పడవ వెనక తిరిగే పంకా నెట్టిన నీళ్లు సన్న రాగి గొట్టంలోంచి ఆ తొడుగులోకి ఎక్కి, ఇంజనును చల్లబరిచి బయటపడతాయి. ఇంత తేలికైన సంగతి తనకు మూడేళ్లు తట్టనందుకు అతనికి సిగ్గేసింది.

జంపయ్య ప్రతి సంతకూ వచ్చేవాడు. ఓసారి తేనె, ఓసారి చింతపండు తెచ్చేవాడు. ప్రశ్న మాత్రం ఒక్కటే.

“బురదల ఆగదు గదా సారూ?”

“నాకంటె పెద్ద పిచ్చోని లెక్కున్నవ్!” అని విసుక్కుంటూనే మార్కు గొట్టం మూతికి సన్న జాలీ బిగించాడు.

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున జంపయ్య తడిసి ముద్దయి షెడ్డు ముందు నిలబడ్డాడు. నిన్న పడవ కోసమని ఊరి ముందు వాగు దాటి వచ్చి, నీళ్లు పెరగడంతో ఇవతలే చిక్కుపడ్డాడట.

“సారూ, పోటీ ఇయ్యాలే.”

“ఇంత వానలనా?”

“వానలనే.”

మార్కు ఇంట్లో ఉండలేకపోయాడు. ఇది గెలిస్తే ఇదే ఇంజను భద్రాచలం పోతుంది, ఓడితే గోదాట్లోకి పోతుంది. స్టాప్ వాచీ జేబులో వేసుకుని, జంపయ్యనూ పడవనూ బండి మీద ఎక్కించుకుని బయలుదేరాడు.

వాగు దగ్గర షామియానా లేదు, మైకు లేదు. ఇవతలి గట్టున ముగ్గురు మనుషులు, పెద్ద మోకు చుట్ట, ఓ విల్లు, దారాలు చిక్కుపడిన నాలుగు బాణాలు ఉన్నాయి.

“వానల వేటేందిరా?” అన్నాడు మార్కు.

అవతలి గట్టున గుంపుగా జనం. అందులోంచి ఎవరో ఎర్ర చీర ఎత్తి ఊపారు.

“అగో, జెండా ఊపిన్రు! మరి రెండో పడవ ఏది?”

జంపయ్య పడవ వెనక నైలాన్ దారం ముడేశాడు. “వస్తది సారూ. ముందు మీరు వదులుండ్రి.”

మార్కు వదిలాడు. ఎర్రనీళ్లు పడవను పక్కకు ఈడ్చాయి. కొట్టుకొస్తున్న దుంగ ఒకటి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మధ్యలో ఇంజను గొంతు బొంగురుపోయింది. మళ్లీ అందుకుంది. అవతలి గట్టుకు తగిలింది.

“యాభై రెండు సెకన్లు! ఆగలే, సూడుండ్రి, ఆగలే!”

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అవతల జంపయ్య అల్లుడు గణేష్ పడవను పట్టుకుని, దారం కోసుకుని, పడవను వెనక పొదల్లోకి విసిరేశాడు. మార్కుకు ఏడుపొచ్చినంత పనైంది.

“అరే, మూడు నెలల కష్టంరా అది!”

ఇవతలి దారం కొసకు జంపయ్య మోకు ముడేస్తున్నాడు. అవతలివాళ్లు దారం లాగారు. దాని వెంట మోకు కొస నీళ్లలో పడి అటు వెళ్లింది. కాసేపటికి గణేష్ చెయ్యెత్తాడు. జంపయ్య, ఆ ముగ్గురూ మోకును ఇటు గుంజడం మొదలుపెట్టారు.

“గెలిచినమా లేదా జంపయ్యా?”

“ఇంకా లేదు సారూ.”

వాన తెరలోంచి నల్లటిదేదో నెమ్మదిగా తిరుగుతూ వస్తోంది. మార్కు వాచీ ఎత్తి పట్టుకున్నాడు.

“రెండోది గదేనా? గింత మెల్లగనా!” అని నవ్వాడు.

లారీ ట్యూబు మీద, నొప్పులు పడుతూ, యశోద వస్తోంది.