ముందు సీటు మనిషి

మా ఊరి బస్సులో ఒక్క హీటరే పనిచేస్తుంది. అది ముందు సీటు కింద ఉంటుంది. ఆ సీట్లో ఎప్పుడు చూసినా ఒకాయన ఉండేవాడు.

యార్క్‌షైర్ చలిలో ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

హిల్డా గారికైతే మరీ ఒళ్లు మండేది. ఆవిడ కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి టౌనుకెళ్లాలి. కారు లేదు, ఉన్నది ఈ బస్సే.

ఆయనకేమో టౌన్లో పనే లేదు. వెళ్తాడు, దిగడు, అదే బస్సులో తిరిగొస్తాడు. రోజుకి నాలుగుసార్లు. పక్కన తడిసిన కుక్కొకటి.

ఇంట్లో హీటరేస్తే బిల్లొస్తుందని ఇక్కడ కూర్చుంటున్నాడని పోస్టాఫీసు క్యూలో అందరం తేల్చేశాం. పెన్షన్ వయసువాళ్లకి బస్సు పాసు ఉచితం కదా. మా పాసులూ ఉచితమేనన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

ఓ మంగళవారం హిల్డా గారు అందరి ముందూ అడిగేశారు.

"ఏమండీ పెద్దమనిషీ, మా పన్నుల డబ్బుతో వెచ్చగా ఉందా?"

ఆయన కుక్కని దగ్గరికి లాక్కుని లేచాడు. "కూర్చోండమ్మా."

మర్నాటి నుంచి రాలేదు. ముందు సీటు హాయిగా ఉందన్నారు హిల్డా గారు.

మూడు నెలలకి, ఈ బస్సు నడిపే కౌన్సిల్ నుంచి ఉత్తరమొచ్చింది, నెలాఖరుకి బస్సు ఆపేస్తున్నామని.

బస్సుని కాపాడుకోవాలని మీటింగు పెట్టాం. వచ్చినవాళ్ల కార్లు పెట్టడానికి చోటు చాల్లేదు. రెండొందల పన్నెండు మంది సంతకాలు పెట్టారు. కొత్తగా ఒక్కరూ బస్సెక్కలేదు.

ఇన్నేళ్లు నడిచిన బస్సుకి ఇప్పుడేం రోగమని చివరి రోజు హిల్డా గారు డ్రైవర్ నదీమ్‌ని అడిగారు.

"రోజుకి ఎనిమిది టికెట్లైనా తెగాలమ్మా. పాసులు లెక్కలోకి రావు."

"మరి ఇన్నాళ్లూ ఎవరు కొన్నారు?"

నదీమ్ అద్దంలోంచి ఆవిడ కూర్చున్న సీటు వైపు చూశాడు.

"పాసు ఆయన జేబులోనే ఉండేది. పోవడానికొకటి, రావడానికొకటి, నాలుగు ట్రిప్పులకీ టికెట్లు కొనేవాడు."



ఇప్పుడు టాక్సీకి ఒక్కవైపే నలభై పౌండ్లు. హిల్డా గారు వారానికి రెండుసార్లే వెళ్తున్నారు. ఒంట్లో నీరు చేరి మొహం వాచింది.

ఎనిమిది టికెట్లకి ఎవరైనా హామీ ఇస్తే మళ్లీ తిప్పుతామంది కౌన్సిల్. కమిటీ కూర్చుంది. మనం కొందామని ఒక్కరూ అనలేదు. ఆయన్నే పిలుద్దామన్నారు. ఆ పని నాకంటగట్టారు.

పేరు కూడా తెలీదు మాకు. వాకబు చేస్తే వెర్నన్ ప్లెడ్జర్ అని తేలింది.

ముప్ఫై ఏళ్లు కౌన్సిల్లో పనిచేసి, ఆ ఎనిమిది టికెట్ల రూలు తన చేత్తోనే రాసి, రిటైరయ్యాక తన జేబులోంచే దాన్ని తీరుస్తూ వచ్చిన మనిషిని ఏ మొహం పెట్టుకుని పిలవాలో, మీరైనా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.