సగం గ్లాసు టీ

ఆ ఆదివారం నేను చేయవలసిన పనులు: ట్యాంకు నింపడం, నాన్నకు బీపీ మాత్రలు తేవడం, చీకటి పడేలోగా తాగుడు మానేవాళ్ల మీటింగుల్లో ఆయన కుదురుగా కూర్చునేది ఒకటి వెతకడం.

మూడోదే తెమలలేదు. ఇప్పుడు మీటింగులన్నీ టీవీ తెరలా వెలిగే ఇంటి గోడమీదే జరుగుతాయి. మనకు తగ్గ మనుషుల్ని గోడే తయారుచేసి కూర్చోబెడుతుంది. నాన్న లారీ డ్రైవరు కాబట్టి గోడమీదికి అందరూ లారీ డ్రైవర్లే వచ్చారు.

"నిన్న తాగానని చెప్పినా 'పర్లేదన్నా' అంటన్నారమ్మా! ఒక్కడూ తిట్టడే. ఇట్టాగైతే సాయంత్రం మళ్లీ బ్రాందీ కొట్టుకే పోతా," అన్నాడు నాన్న, గది ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూ.

నాలుగు మీటింగులు మార్చాను. అన్నిట్లోనూ అదే తలూపుడు. చివరికి గోడమీద కాకుండా జరిగే మీటింగు ఎక్కడుందో మందుల షాపాయన్ని అడిగి, నాన్నను స్కూటరెక్కించుకుని ఒక పాత ధాన్యం గోదాముకు వెళ్లాను. లోపల నిజం మనుషులున్నారు. మీటింగు నడిపే ఏసురత్నం గారు అందరికీ సగం గ్లాసే టీ పోస్తున్నారు.

"ఏందయ్యా ఈ పిసినారితనం?" అన్నాడు నాన్న.

"కొత్తల్లో చేతులు వణుకుతయ్ గదా. నిండుగా పోస్తే ఒలుకుద్ది. నిన్న తాగావా?"

"తాగా."

"బుద్ధుందా? కూర్చో. రేపు రాకపోతే ఇంటికొచ్చి తిడతా."

నాన్న కూర్చున్నాడు.

ఏసురత్నం గారు పోయిన ఏడాది చనిపోయారు. అక్కడ టీ పోసేది ఇప్పుడు నాన్నే. ఏసురత్నం గారి పేరు ఏ గోడను అడిగినా చెప్పదు. దయచేసి మీరైనా గుర్తుంచుకోండి.