పాట అయ్యేదాకా

అంగళ్లు దగ్గర మైదానంలో ప్రోగ్రెసివ్ రాక్ సంగీతోత్సవం. సుదర్శన్ వేదిక మీద గిటార్ వాయిస్తుండగా, ముందు వరసలో ఉన్న చెల్లెలు యమునకు మదనపల్లె ఆసుపత్రి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"మీ అమ్మ పోయింది పాపా."

యమునకు ఏడుపు రాలేదు. అన్న ఏళ్ల తరబడి కూర్చుకున్న పాట ఇంకా సగంలోనే ఉంది. అయ్యాక చెబుదామనుకుని, అతను తనవైపు చూసినప్పుడల్లా నవ్వింది.

పాట ఎంతకీ తెమల్లేదు. చివరికి సుదర్శన్ దిగివచ్చాడు.

"అన్నా, అమ్మ..."

"తెలుసు. స్టేజీ ఎక్కేముందే నాయన చెప్పినాడు."

"మరి యాల వాయిస్తివి?"

"నీకు తెలీదనుకుంటి. పాట అయ్యేదాకన్నా నీకు అమ్మ ఉండనీలే అనుకుంటి. నువ్వు నగతాంటే, ఆపలేక ఇంకా పొడిగిస్తా పోతి."