నాలుగేళ్ల మెలిక

"'ఇవాళ్టినుంచి మీరు బానిసలు కారు. కానీ ఇంకో నాలుగేళ్లు నా తోటలోనే చెరకు కొట్టి వెళ్లండి' అన్నాడు దొర," అంటూ నవల చదువుతోంది పనిమనిషి డెల్సీ.

చూపు మందగించిన యజమానురాలు మిస్ ఇమోజీన్, ఒలుస్తున్న కందికాయలు విసిరికొట్టింది. "వాడి మొహం మండ! పొమ్మన్నాక మళ్లీ ఆ మెలికేమిటే?"

డెల్సీ పుస్తకం మూసింది. "నేను పని మానేసి కింగ్‌స్టన్ పట్నంలో హోటలు పెట్టుకుంటానంటే, మీరూ సరే, ఈస్టరు దాకా ఉండి వెళ్లమన్నారు. ఆ ఈస్టరు కూడా వెళ్లిపోయింది అమ్మగారూ."

ఇమోజీన్ చేత్తో తడుముతూ కందికాయలు ఏరుకుంది. "సరేలే, వెళ్దువుగాని. ఈ నవల పూర్తిచేసి వెళ్లు."

"ఇంకా నాలుగొందల పేజీలున్నాయండీ!"

తానన్న మాట ఇందాకే ఎక్కడో విన్నట్టనిపించింది ఇమోజీన్‌కి.

డెల్సీ గబగబా ఆఖరి పేజీ తీసి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది.

ఇమోజీన్ ఆపలేదు.