చుక్క పొదుగు

ఆదివారం కొత్తింటి దావత్. ఇంట్లో పెరిగిన మేక చుక్కను కోయాలని రామన్న నిర్ణయించేశాడు. శుక్రవారం పొద్దున దానికి నీళ్లు పెట్టబోయిన అతని భార్య జోగులమ్మకు వెనక కాళ్ల మధ్య వాపు కనిపించింది. ముట్టుకుంటే గట్టిగా, వెచ్చగా తగిలింది.

“జీవానికి పానం బాగలేదు. దవాఖానకు తోల్కపోత,” అంది మొగుడితో.

“ఎల్లుండి కోసేదానికి దవాఖాన ఏందే?”

“రోగమున్న కూర సుట్టాలకు పెడ్తవా?”

రామన్న జేబులోంచి ఆటో కిరాయి తీసిచ్చాడు.

తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి చుక్కను పెంచింది జోగులమ్మే. దావత్ మాట ఎత్తినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. జబ్బని తేలితే కత్తి తప్పుతుంది, కానీ చుక్క దక్కుతుందో లేదో. ఏమని మొక్కుకోవాలో తెలియకుండానే ఆటో ఎక్కింది.

ఆటో నడిపే తిరుపతి కల్వకుర్తి దాకా ముక్కుకు తువ్వాల చుట్టుకునే ఉన్నాడు.

“అక్కా, దీనికి తానం జేపియ్యవా?”

“దీని వాసన గంతే. జర ఓర్సుకో.”

పశువుల దవాఖానలో డాక్టరమ్మ శ్రుతి వంగి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. నల్లటి గిన్నెలోకి మెల్లగా పిండింది. తెల్లటి ధార పడింది. గడ్డలు లేవు, నెత్తురు జీర లేదు.

“మధూ, ఇటు రా. ఇది నువ్వు చూడాల్సిందే,” అని కాంపౌండర్‌ను పిలిచింది. అతను చూశాడు, నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

“పొదుగువాపు కాదమ్మా. మంచి పాలే. మొదటిసారా?”

“మొదటిసారే మేడం.”

“ఊరికే పిండకు, ఇంకా ఊరతాయి. బరువెక్కితేనే తియ్యి. పడుకునే చోట తడి లేకుండా చూడు చాలు.”

జోగులమ్మ అక్కడికక్కడే చుక్క మెడ వాటేసుకుని ఏడ్చేసింది. ఆనందంతోనే. రామన్న ఇంట్లో పాలిచ్చే జీవం మీద కత్తి పెట్టరు. పోయిన అత్త పెట్టిన కట్టుబాటు అది. తల్లి మాటంటే రామన్నకు మహా గురి.

ఇంటికొచ్చి మొగుడి కళ్లముందే గ్లాసులోకి పిండింది. రామన్న గ్లాసు వంకా చుక్క వంకా మార్చి మార్చి చూశాడు.

“మా అమ్మ గా మాట అన్ననాడు గిసొంటిది సూడలే,” అన్నాడు నీరసంగా.

“మాట మాటే. పాలిస్తదా, లేదా?”

“ఇస్తది.”

“మరి?”

రామన్న తల గోక్కున్నాడు. అప్పటికే పక్కింటి సావిత్రమ్మ వచ్చి నిలబడింది. “కొయ్యకు రామన్నా. మాకు గూడ అక్కరకొస్తది,” అంది. మేకలున్న ఇళ్లవాళ్లంతా ఆమె వెనకే చేరి తలలూపారు.

ఆదివారం చుట్టాలు కోడికూరతో సరిపెట్టుకున్నారు. అలగడానికి ఎవరికీ తీరిక లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే కొట్టం దగ్గరికి పోయి, వంగి చూసి, పడీపడీ నవ్వి, ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. చుక్క ఎవరినీ పట్టించుకోకుండా తుమ్మకాయలు నములుతూ నిలబడింది.

నిరుడు ఆ ఊళ్లో పుట్టిన మేకపిల్లల్లో సగానికి చుక్కే తండ్రి.